శిల, జలము, ఛాయ: హోసూరున నవకల్పనకు నెలవు

చార్లెస్ కొరియా స్మృత్యర్థము హోసూరున గావించిన ఉపన్యాసపు పూర్తిపాఠము



1930 సెప్టెంబరు 1న సికింద్రాబాదున జన్మించి, మిషిగన్ విశ్వవిద్యాలయమునందును మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందును వాస్తువిద్య నభ్యసించి, 1958లో బొంబాయి నగరమున స్వంత కార్యాలయము తెరచి, అర్ధశతాబ్దికి పైగా గీసి, కట్టించి, వ్రాసి, వాదించి, 2015 జూన్ 16న ఆ నగరముననే తనువు చాలించిన చార్లెస్ కొరియా మహాశయుని స్మరించుటకు నేడు మనము ఇచ్చట సమావేశమైతిమి. సత్కారముల విషయమున ఆయనకు కొరత లేదు. 1984లో బ్రిటిషు వాస్తుశిల్పుల రాజసంస్థ స్వర్ణపతకము నొసగినది. 2006లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో గౌరవించినది. ఐనను ఆ జాబితాను చదివి సంతోషించుటకే యైనచో సభ హోసూరుననే జరుగనక్కరలేదు. తెలుగు మాట వినవచ్చు ఈ ఊరికి ఆయనతో రెండు విధముల బంధుత్వమున్నది. తెలుగుగడ్డపై కన్ను తెరచినవాడగుట యొకటి. టైటాన్ సంస్థ తన ఉద్యోగులకై మత్తిగిరి కడ తలపెట్టిన నివాసపురమునకు రూపకల్పన చేసినవాడగుట రెండవది.

ఒక మహాశిల్పిని స్మరించుటకు ఉత్తమమార్గము, ఆయనను జీవితమంతయు వెంటాడిన ప్రశ్నను మన వాకిటికి తెచ్చుకొని మనమే సమాధానము వెదకుట యని నా నమ్మకము. ఎండయు వానయు ఇంత తీవ్రముగా నుండు దేశమున, ధనము ఇంత పరిమితముగా నుండు సమాజమున, మునుపెన్నడును లేని పనులకై మునుపెన్నడును లేని భవనములను కట్టునపుడు, ఆ భవనము తాను నిలిచిన నేలకు ఏమి బదులు చెప్పవలెననునదే కొరియాగారి ప్రశ్న. హోసూరునకు ఆ ప్రశ్న నేడు వాయిదా వేయరానిదై వచ్చినది.

1971లో ఏర్పడిన తమిళనాడు ప్రభుత్వపు సిప్కాట్ సంస్థ ఇచ్చట పారిశ్రామికవాడను నెలకొల్పిన నాటినుండి మన ఊరి చరిత్ర మలుపు తిరిగినదని మీరందరు నెరుగుదురు. 1980 ప్రాంతమున టీవీఎస్ వారి మోపెడ్లును, అశోక్ లేలండ్ వారి లారీలును ఇచ్చటినుండి రోడ్డెక్కినవి. 1984లో టాటా, రాష్ట్రప్రభుత్వపు టిడ్కో సంస్థల భాగస్వామ్యమున పుట్టిన టైటాన్ ఆ దశకపు ద్వితీయార్ధమున ఇచ్చటనే గడియారములను చేయనారంభించినది. అటు కృష్ణగిరి జిల్లా పోచంపల్లి కడ విద్యుత్ ద్విచక్రవాహనముల కర్మాగారము లేచినది. 2024 జూన్ నెలలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు హోసూరున 2,000 ఎకరములలో అంతర్జాతీయ విమానాశ్రయము నిర్మింపబడునని శాసనసభలో ప్రకటించిరి; 2025 మార్చి నాటి బడ్జెటులో హోసూరునకు టైడెల్ పార్కు అను సమాచారసాంకేతిక ప్రాంగణమును, నాలెడ్జ్ కారిడారును ప్రతిపాదించిరి. వస్తువులను తయారుచేయు ఊరు, ఆ వస్తువులను ఊహించు ఊరుగా మారబోవుచున్నది. నవకల్పనా కేంద్రములు, అనగా పత్రికలు ఇన్నోవేషన్ సెంటరులని పిలుచునవి, నేడో రేపో ఇచ్చట వెలయుట తథ్యము. అవి యెట్లుండవలెను? ఎచ్చట నుండవలెను? ఎవరిని చూచి నేర్చుకొనవలెను?

నేను చెప్పవచ్చినది ఒక్క మాట. నేలను గౌరవించుటయు, ఆధునికవాద వాస్తుశిల్పపు వారసత్వమును గౌరవించుటయు వేరువేరు వ్రతములు కావు. మన దేశమున ఆ వాస్తుశిల్పము ఉత్తమస్థాయి నందుకొన్న ప్రతి తావునను అది నేలతోను, గాలితోను, వెలుతురుతోను ఒక ఒడంబడిక చేసికొనినది. ఆ ఒడంబడికయే మనకు సంక్రమించిన ఆస్తి. దానిని నిలుపుకొన్న కట్టడమే వారసురాలు. పైపై పోలికలు ఎన్ని యున్నను దానిని విడిచిన కట్టడము పరాయిది.

మొదట నేలను గూర్చి విచారింతము.

సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల ఎత్తున నున్న ఈ మెరకనేల పైకి చదునుగా తోచును గాని, కాలినడకను పోయిన వానికి ఇది యెన్నడును చదును కాదు. ఎర్రమట్టి పలుచని దుప్పటి. దాని క్రింద, తరచుగా దానిని చీల్చుకొని పైకి, కోట్ల సంవత్సరముల ప్రాయముగల నల్లసేనపు రాయి. హోసూరున చంద్రచూడేశ్వరస్వామి వెలసిన కొండయు, కృష్ణగిరి కోటను మోయుచున్న కొండయు, రాయకోట దుర్గమును ఆ శిల తలయెత్తిన తావులే. బండపై పడిన వాన యింకదు. జారి పల్లమునకు పోవును. ఆ పల్లమును గుర్తించి కట్టవేసి చెరువు చేసిరి మన పూర్వులు. ఒక చెరువు నిండి కలుజు పారిన నీరు వంకలో పడి దిగువ చెరువునకు, అది నిండి దాని దిగువ కుంటకు, ఇట్లు మెట్టు మెట్టుగా దిగి తుదకు దక్షిణపినాకినిని చేరును. నంది కొండలలో పుట్టి నెల్లూరు సీమకు పోవు పెన్నకు ఈ నది తోబుట్టువు. ఒకే కొండలు ఉత్తరపినాకినిని తెలుగుసీమకును, దక్షిణపినాకినిని మన హోసూరునకును పంచియిచ్చినవి.

చెరువు కట్టపై నిలిచి కలుజును చూచితిమా, ఈ ప్రాంతపు నిర్మాణశాస్త్రమంతయు అచ్చట చిన్నదిగా కానవచ్చును. కట్ట మట్టిది, కావున దానిపై నీరు పొర్లరాదు. కలుజు రాతిది, కావున దానిపైననే నీరు పొర్లవలెను. ఎంత ఎత్తున కలుజు నుంచవలెనో తెలిసిన పెద్దకు ఎగువ ఊరి పొలము మునుగకుండుటయు, దిగువ ఊరి చెరువు ఎండకుండుటయు ఒకే లెక్కలో తేలిపోయెడిది. ఆ లెక్కలో తన ఊరికి మాత్రమే యని గీసికొన్న గీత లేదు. ఎగువవాడు దిగువవానికి బాధ్యుడను ధర్మము రాతిలో పేర్చబడినది.

నేడు ఒక పెద్ద సంస్థకు స్థలము చిక్కినదనగా మొట్టమొదట వచ్చునది మట్టితవ్వు యంత్రము. మిట్టను కోసి పల్లమును నింపి, గుండ్లను పేల్చి, నేలనంతయు ఒక మట్టమునకు తెచ్చి, ఆపైన భవనము గీయుదురు. చదునుచేసిన ఆ దినముననే వంక తెగును. వంక తెగిన మూడేండ్లకు దిగువ కుంట ఎండును, లేదా పెద్దవానకు అదే నీరు దారిలేక ఆ సంస్థ వాహనశాలలోనికే వచ్చును. అటుపిమ్మట గోడల వెంట పచ్చగడ్డి పరచి దానికి ట్యాంకరు నీరు పోసి, దానిని ప్రకృతి యని పిలుచుట పరిపాటి యైనది. కట్టడము ముగిసిన పిదప అలంకరించునది తోట. కట్టడమునకు ముందే యుండి, దానికి హద్దులు చెప్పునది భూదృశ్యము. ఈ రెంటిని వేరుచేసి తెలిసికొననంత వరకు నేలను గౌరవింతుమను మాట వట్టిమాటయే.

నీటికి ప్రహరీగోడ తెలియదనుటకు కెలవరపల్లి జలాశయము నిత్యసాక్షి. బెంగుళూరు నగరపు మురుగును, కర్మాగారముల మలినజలమును మోసికొని వచ్చిన దక్షిణపినాకిని, గేట్లు తెరచినపుడెల్ల ఆ కట్ట దిగువన తెల్లని నురుగును కుప్పలు కుప్పలుగా పోయుట మన రైతులు ఏటేట చూచుచునే యున్నారు. ఆ నీరే కృష్ణగిరి జలాశయమునకు పోవును. 1950ల చివర కామరాజుగారి కాలమున వినియోగములోనికి వచ్చిన ఆ ఆనకట్ట దిగువనే మన మామిడితోటల సీమ యున్నది. ఎగువవారి అజాగ్రత్తను అనుభవించుచున్న మనము, దిగువవారికి మరల అదే చేయుదుమా?

నీరు మాత్రమే కాదు. రాగిచేలు పండు దినములలో బన్నేరుఘట్ట అడవులనుండి తళి, జవళగిరి మీదుగా ఏనుగులమందలు హోసూరు చుట్టుపట్ల అడవులకు వచ్చుట అనాదిగా నున్నది. 2014లో ఉత్తర కావేరి అభయారణ్యమును ప్రకటించిరి. కాని ఏనుగు నడచు దారి అభయారణ్యపు హద్దుతో ఆగదు. భవనమునకు స్థలము ఎన్నుకొనువారి ముందు పరచవలసిన పటములలో వంకల పటము, బండల పటము, ఏనుగుల దారుల పటము, ఈ మూడును రోడ్డుల పటముకంటె ముందు ఉండవలెను.

ఇక వారసత్వమును గూర్చి.

వారసత్వమనగానే గాలిగోపురములు, కోటబురుజులు మన కన్నులముందు మెదలును. కాంక్రీటు కట్టడమును వారసత్వమని తలచుటకు మనస్సు తేలికగా అంగీకరింపదు. కాని ఆధునికవాద వాస్తుశిల్పము మన గడ్డపై అడుగుపెట్టి తొమ్మిది దశాబ్దములు కావచ్చినది, దాని తొలి యుత్తమకృతులలో నొకటి తెలుగునేలతో ముడిపడియున్నది. పుదుచ్చేరి అరవిందాశ్రమమున 1930ల చివర ఆరంభమై 1940లలో పూర్తియైన గోల్కొండ్ అను సాధకనివాసమునకు ఆ పేరు మన గోలకొండనుబట్టి వచ్చినది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీగారు నిజాము ప్రభువుచే ఇప్పించిన విరాళమే ఆ కట్టడమునకు మూలధనము. జపానులో పనిచేయుచుండిన చెక్ సంతతివాడు ఆంటోనిన్ రేమండ్ దానిని గీసెను; ఆయన సహచరుడు జార్జి నకషిమా అచ్చటనే యుండి కట్టించెను. ప్రతి గది ఉత్తరదక్షిణముల గాలికి అభిముఖము. గోడలకు మారు, నేలనుండి కప్పువరకు, చేతితో తిప్పుటకు వీలగు అడ్డపలకల వరుసలు. గాలి కావలసినపుడు తెరచుకొనును. వానజల్లు వచ్చినపుడు వాలును. వెలుతురు ఎంత కావలెనో అంతయే లోనికి వచ్చును. కప్పుపైన మరియొక వంపుకప్పు. రెంటి నడుమ గాలి ఆడి ఎండవేడిమిని అచ్చటనే నిలిపివేయును. కాళ్ళక్రింద నల్లని కడపరాయి. విద్యుత్తు సహాయమించుకయు లేక ఇన్ని దశాబ్దములుగా ఆ గదులు చల్లగా నున్నవి. కాంక్రీటునకు ఊపిరి పీల్చుట నేర్పిన కట్టడమది.

కొరియాగారు ఇదే మార్గమున మరియొక అడుగు వేసిరి. సబర్మతి ఆశ్రమమున ఆయన గీసిన గాంధీ స్మారక సంగ్రహాలయమును 1963లో నెహ్రూగారు ప్రారంభించిరి. ఆరు మీటర్ల చదరపు గది ఒకటి, దాని ప్రక్కన మరొకటి; కొన్ని గోడలతో మూసినవి, కొన్ని తెరచినవి, నడుమ నొక నీటిముంగిలి. ఇటుక స్తంభములు, పెంకుల కప్పు, కొయ్య తలుపులు, కిటికీలకు అద్దములకు మారు కొయ్య అడ్డపలకలు. అవసరము పెరిగినపుడు మరియొక గదిని చేర్చుటకు వీలుగా దానిని రచించిరి. ఒక్కమారు కట్టి ముగించునది కాక, పెరుగుట తెలిసిన కట్టడమది. భోపాలున 1982లో వెలసిన భారత్ భవనము మరింత వినయము గలది: పెద్దచెరువునకు దిగుచున్న వాలును చదును చేయక, ఆ వాలులోననే ముంగిళ్ళను తొలిచి, మిద్దెలను ఉద్యానములుగా మలచిరి. వచ్చినవాడు కట్టడమును చూడకముందే చెరువును చూచును.

ఇవి కళాసంస్థలు, ఆశ్రమములు. ఎలక్ట్రానిక్సు ప్రయోగశాలకు ఇవి మార్గదర్శకము లగునా యని సందేహింపవచ్చును. దానికి సమాధానము మన హైదరాబాదున నున్నది. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి విభాగపు అధీనమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మన వ్యవహారమున ఈసీఐఎల్, ఏర్పడినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దాని స్థాపకులు. స్వదేశమున రూపొందిన తొలితరము కంప్యూటరులలో నొకటియగు టీడీసీ–12 ఆ సంస్థనుండి 1969లో వెలువడినది. నవకల్పనా కేంద్రమను మాట పుట్టకముందే పుట్టిన నవకల్పనా కేంద్రమది. దాని పరిపాలనాభవనమును గీసినది కొరియాగారు. దాని ఉద్యోగుల నివాసపురమును గీసినది బాలకృష్ణ దోషీగారు. దేశమున అగ్రగణ్యులైన ఇరువురు శిల్పులను ఒకే సంస్థ ఒకే కాలమున పిలిచి, యంత్రములను చేయువారికి మంచి నీడ కావలెనని భావించుట యెంత గొప్ప సంస్కారము! హైదరాబాదు పొడియెండలో ఏసీ యంత్రములపై ఆధారపడక పని సాగునట్లు, ఎండ తాకిడి ననుసరించి గదులను మండలములుగా విభజించి, పైన పందిరివంటి కప్పు నెత్తి, ఆ కట్టడమును కొరియాగారు రచించిరి. రూపము వాతావరణము ననుసరించునని ఆయన జీవితమంతయు బోధించిన సూత్రమునకు అది తొలిప్రయోగములలో నొకటి.

మనకు కూతవేటు దూరమున, బెంగుళూరు బన్నేరుఘట్ట రోడ్డుపై దోషీగారు గీసిన ఐఐఎం ప్రాంగణము అదే పాఠమును నల్లసేనపు రాతిలో చెప్పుచున్నది. ఫతేపూర్ సిక్రీ ముంగిళ్ళను తలచుకొని ఆయన వేసిన పొడవైన నడవలు ఒకచోట పైకప్పు గలవి, ఒకచోట దూలములు మాత్రము గలవి, ఒకచోట ఆకాశమునకు విడిచినవి. వానిపై తీగలు ప్రాకి, నీడలు గంటగంటకు మారుచుండును. తరగతిలో చెప్పిన పాఠము ఆ నడవలలో నడచుచు తర్కింపబడును. క్రొత్త యూహ యనునది మూసిన గదిలో ఒంటరిగా పుట్టి, ఇరువురు అనుకోక యెదురుపడిన తావున పెరుగును. చల్లని నీడయు, కూర్చుండ రాతి అరుగును లేనిచోట ఎవరును ఆగి మాటలాడరు. అందుచేత ముంగిలి, అరుగు, నడవ, ఇవి నవకల్పనా కేంద్రమునకు విలాసములు కావు, ప్రయోగశాలవలెనే పనిముట్లు.

ఈ వారసత్వమును మనము ఎట్లు కాపాడుకొనుచున్నాము? చెప్పుటకు హృదయము వ్యాకులమగుచున్నది. 1972 ఆసియా ప్రదర్శనకై ఢిల్లీ ప్రగతి మైదానమున రాజ్ రేవల్ గీయగా, మహేంద్రరాజ్ నిర్మాణగణితము సమకూర్చగా లేచిన హాల్ ఆఫ్ నేషన్స్, ఉక్కు కొనజాలని దేశము కాంక్రీటునే చేతులతో పోతపోసి అల్లిన అద్భుతమైన కప్పు. అరువది యేండ్లు నిండని కట్టడములను వారసత్వముగా పరిగణింపజాలమని చెప్పిరి. 2017 ఏప్రిల్ నెలలో నొక రాత్రి దానిని నేలమట్టము చేసిరి. అరువది యేండ్లు నిండువరకు నిలువనీయనిదే అరువది యేండ్లు ఎట్లు నిండును? పేదదేశపు నవకల్పనకు అంతకంటె గొప్ప సాక్ష్యము వేరొకటి లేకుండగా, నూతనత్వము పేరిటనే దానిని కూల్చిరి.

విదేశముల యనుభవమును మనకు పనికివచ్చును. కాలిఫోర్నియా తీరమున 1965 నాటికి లూయీ కాన్ కట్టిన సాల్క్ పరిశోధనాలయము శాస్త్రజ్ఞుల కొరకు నిర్మింపబడిన భవనములలో తలమానికము. 1990లలో అచ్చట క్రొత్త భవనమును చేర్పదలచి, ప్రాంగణమునకు దారితీయు నీలగిరిచెట్ల తోపును కొట్టివేసినపుడు ప్రపంచమందలి వాస్తుశిల్పు లనేకులు నిరసించిరి. పాతగోడలలో ఒక్క రాయిని కూడ కదపలేదు. ఐనను చెట్ల చీకటిలో నడచి వచ్చి, ఒక్కసారిగా ముంగిలిని, సముద్రమును చూచు ఆ ప్రవేశము పోయినది. కట్టడపు హద్దు దాని గోడలతో ముగియదని, దానిని చేరు దారియు, దానినుండి కనబడు దృశ్యమును దానిలోని భాగములే యని ఆ వివాదము మనకు తెలుపుచున్నది.

ఆక్షేపణములు లేకపోలేదు; అవి న్యాయమైనవి. ఆధునికవాద కట్టడములు కొన్ని కారును. కాంక్రీటులోని ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులూడును. నేటి ప్రయోగశాలకు ధూళిలేని గది కావలెను, స్థిరమైన ఉష్ణోగ్రత కావలెను. అడ్డపలకల కిటికీలతో మైక్రోచిప్పులను పరీక్షింపజాలము. నిజమే. కాని ఒక భవనమున నూటికి నూరు గదులు అట్టివి కావు. ధూళి రానీయరాని గదులను నడుమనుంచి మందపు గోడలతో కాపాడి, వాని చుట్టు కార్యాలయములను, కార్యాలయముల చుట్టు నడవలను, నడవల చుట్టు చెట్లను అమర్చినచో, వెలుపలి ప్రతి మండలము లోపలి మండలమునకు గొడుగు పట్టును. ఏసీ యంత్రములు మోయవలసిన బరువు తగ్గును. ఈసీఐఎల్ కట్టడమున కొరియాగారు చేసిన మండల విభజన ఇదే. హోసూరు వాతావరణము హైదరాబాదు కంటె సౌమ్యమైనది. బ్రిటిషువారు దీనిని చిన్న ఇంగ్లండని పిలిచిరి. అట్టి చోట నాలుగువైపుల అద్దపుగోడలు కట్టి, లోనికి వచ్చిన ఎండను యంత్రములతో వెలికి తోడుట శాస్త్రము పేరిట జరుగు అశాస్త్రీయత.

ఇక హోసూరున మనము చేయదగిన దేమి?

మొదటిది స్థలము. క్రొత్తనేల కోరక, మనము మునుపే గాయపరచిన నేలను ఎన్నుకొనవలెను. సిప్కాట్ వాడలో పాతబడిన షెడ్డులున్నవి. ఉత్తరపు వెలుతురును లోనికి దింపు రంపపుపళ్ళ కప్పు గల షెడ్డు ఎచ్చట దొరకినను అది ప్రయోగశాలకు సిద్ధమైన గృహమే. కృష్ణగిరి జిల్లాలో రాయి తీసి విడిచిన క్వారీలున్నవి. నిట్టనిలువు రాతిగోడల నడుమ వాననీరు నిలిచిన ఆ గోతులు నేడు ప్రమాదస్థలములు. వాని అంచులను భద్రపరచి, ఆ నీటిని వాడుకకు తెచ్చి, ఆ మెట్లపైననే భవనము నమర్చినచో, చెడిన నేల బాగగును, చెడని నేల మిగులును.

రెండవది శిల. మన ప్రాంతపు రాతిపని యెట్టిదో క్రొత్తతరము ఒక్కసారి దగ్గర నిలిచి చూడవలెను. పరుపుబండపై కట్టెలు వరుసగా పేర్చి సన్నని మంట వేసి, ఆ మంటను మెల్లమెల్లగా ముందుకు జరుపుచు పోవుదురు. వేడెక్కిన పైపొర వ్యాకోచించి క్రిందిపొరను విడిచి లేచును. పనివాడు సమ్మెటతో తట్టి వినును: విడని చోట రాయి గట్టిగా పలుకును, విడిన చోట డొల్లగా పలుకును. ఆ పలుకునుబట్టి మంటను ఎచ్చట నిలుపవలెనో, ఎచ్చటినుండి తొలగింపవలెనో నిర్ణయించును. పిదప ఉలితో వరుసగా గుంతలు కొట్టి, లేచిన పొరను పలకలుగా చీల్చుదురు. ఆ పలకలే మన పల్లెలలో మిద్దెకప్పులు, దడికూసములు, కాలువపై వంతెనలు. తరతరములుగా తెలుగు మాటలాడు వడ్డెర కుటుంబములు ఈ విద్యకు నిధులు. మంటవేడిమి, శిలాస్వభావము, ధ్వనిపరీక్ష, ఈ మూటిని ఒక్క చేతితో నడపువాడు ఇంజనీరు కాక మరేమగును? ఇదే జిల్లాలోని మయిలాడుంపారై త్రవ్వకములలో లభించిన ఇనుము క్రీస్తుపూర్వము 2172 నాటిదని 2022లో ప్రకటించిరి. ఇచ్చట సాంకేతికవిద్య నేడు దిగుమతియైన సరుకు కాదు. ఎగుమతికి పోవు పాలిషురాయిని తెచ్చి గోడలకు అతికించుట కాక, ఈ పనివారిని గీతదశనుండియే శిల్పి ప్రక్కన కూర్చుండబెట్టిన కేంద్రము, తన గోడలయందే తన ఆశయమును చూపినదగును.

మూడవది జలము. భవనపు పటము గీయకముందు కనీసము ఒక పూర్తి వానకాలము ఆ స్థలమున నీరు ఎటు నడచునో, ఎచ్చట నిలుచునో, ఎచ్చట ఇంకునో గుర్తింపవలెను. తన స్థలమున పడిన నీటికి తావు చూపి, వాడిన నీటిని శుద్ధిచేసి, మిగిలినదానిని దిగువ చెరువునకు మలినపరుపక పంపుట ఆ కేంద్రపు మొదటి పరిశోధనగా నుండవలెను. కెలవరపల్లి నురుగునకు మందు కనిపెట్టజాలని నవకల్పన హోసూరునకు ఎందులకు?

నాలుగవది ఛాయ. చింత, కానుగ, మర్రి, రావి, వేప, ఇవి ఈ నేల నెరిగిన చెట్లు. ఉన్నవానిని ఉన్నచోటనే యుంచి, వాని నడుమ భవనమును మూడంతస్తులకు మించనీయక, సబర్మతి గదులవలె ఒకటొకటిగా చేర్చుకొనుచు పోవలెను. నేటి యంత్రము పదేండ్లకు పాతబడును. దానికై అచ్చుపోసిన భవనము దానితోడనే పాతబడును. పెరుగుట, మారుట తెలిసిన సామాన్యమైన గదియే దీర్ఘాయువు గలది.

ఐదవది తలుపు. తెలుగు, తమిళము, కన్నడము ఒకే సంతలో వినవచ్చు ఊరిది. ఐటీఐ విద్యార్థి, మోటారు మెకానిక్కు, గులాబి తోటల రైతు జంకక లోనికి అడుగిడుటకు వీలైన నడవ రోడ్డువైపున తెరచియుండవలెను. ఆయుధధారియగు కావలివాని వెనుక, అద్దపు ద్వారము వెనుక దాగిన కేంద్రమున ఊరి సమస్యలు ప్రవేశింపవు; ఊరి సమస్యలు ప్రవేశింపని చోట నవకల్పన కేవలము ప్రదర్శనము.

ఈ సభ ముగియకముందు పెద్దల యెదుట మూడు విన్నపములు చేయుచున్నాను. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో 1970 మొదలు వెలసిన ఆధునిక కట్టడములకు, మత్తిగిరి నివాసపురము మొదలు పారిశ్రామికవాడలోని మేలైన షెడ్డుల వరకు, పట్టిక యొకటి సిద్ధము చేసి, వాని మూలపటములు చెదలపాలు గాకముందే భద్రపరుపుడు. ఏ కట్టడము నిలువదగినదో దాని యేండ్లను లెక్కించి కాక, అది నేర్పు పాఠమును లెక్కించి నిర్ణయింపుడు. రాబోవు ప్రతి కేంద్రపు టెండరు పత్రములయందు వంకల, బండల, వృక్షముల, ఏనుగుదారుల పటము జతపరుపనిదే ఏ రూపకల్పనను పరిశీలింపరాదను నిబంధన చేర్పుడు. ఇచ్చటి వాస్తువిద్యార్థులను ఏటేట ఒక క్వారీకి, ఒక చెరువు కలుజు కడకు, గోల్కొండ్ వంటి ఒక కట్టడమునకు పంపి, చేతితో గీయించి, కొలిపించి, వచ్చి ఊరివారికి వివరింపజేయుడు.

కొరియాగారు మన కొసగిపోయినది ఒక శైలి యైనచో దానిని అనుకరించి ఋణము తీర్చుకొనగలిగెడివారము. ఆయన ఒసగినది ఒక విచారణాపద్ధతి; ప్రతి క్రొత్తనేలపై, ప్రతి క్రొత్త అవసరమున, మొదటినుండి మరల ఆచరించిన గాని ఆ ఋణము తీరదు. మన ఊరి నేల ఆ విచారణకు యోగ్యమైనది, మన ఊరి చేతులు సమర్థములైనవి, కాలము అనుకూలముగా నున్నది. రాబోవు నవకల్పనా కేంద్రములకు తొలిగీత పడకముందే ఈ పని యారంభించిన యెడల, నవకల్పనకు నేలను బలియీయనక్కరలేదని దేశమునకు చూపిన ఊరు హోసూరగును. ఆ కీర్తి మనకు దక్కవలెనని కోరుచున్నాను.